బోటు ఇంజన్ అందుకోవట్లేదా? అందుకున్నాక వెనక నీళ్లు పడట్లేదా?

హుస్సేన్ సాగర్‌లో ఉప్పు నీళ్లు లేవు కాబట్టి తుప్పు బాధ సముద్రం బోట్లకన్నా మనకు తక్కువ. కానీ ఇక్కడ గుర్రపుడెక్క ఉంది, పాలిథిన్ కవర్లున్నాయి, నిమజ్జనం అయిన కొత్తలో గుడ్డపీలికలు, తాళ్లు కూడా తేలుతుంటాయి, ఇవన్నీ పోయిపోయి ఇంజన్ చల్లబడటానికి నీళ్లు పీల్చుకునే జల్లెడకే అంటుకుంటాయి. అందుకే స్టార్ట్ కాగానే శబ్దం బాగుందని మురిసిపోకుండా వెనక్కి తిరిగి, ఇంజన్‌ని చల్లబరిచిన నీళ్లు ధారగా పడుతున్నాయా చూడాలి. ఎక్కువగా అవుట్‌బోర్డు (బోటు వెనక బయట తగిలించే పెట్రోలు ఇంజన్) సంగతే చెప్తున్నా, డీజిల్‌ది చివర్లో కాస్త.

సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజన్ అందుకోవట్లేదు

ముందు ఎర్ర తాడు చూడండి. దాని చివరుండే కిల్ స్విచ్ (ఇంజన్‌ని ఆపేసే స్విచ్) క్లిప్ ఊడి ఉంటే ఎంతసేపు కొట్టినా లాభం లేదు. ఒకసారి ప్లగ్గులన్నీ విప్పి, తుడిచి, మళ్లీ బిగించి, చెమట తుడుచుకుందామని కర్చీఫ్ కోసం జేబులో చెయ్యి పెడితే క్లిప్ చేతికి తగిలింది. అరగంట పోయింది, పక్కన ఎవరూ లేరు కాబట్టి పరువు మిగిలింది.

క్లిప్ సరిగ్గానే ఉంటే గేరు న్యూట్రల్‌లో ఉందా, విడి ట్యాంకు మూత మీద గాలి స్క్రూ తెరిచి ఉందా చూడండి. అది మూసి ఉంటే ఇంజన్ కాసేపు నడిచి ఆగిపోతుంది కూడా. తర్వాత పెట్రోలు పైపు మధ్యలో ఉండే రబ్బరు బల్బు గట్టిపడేదాకా పిండాలి. ఎంత పిండినా మెత్తగానే ఉంటే ఎక్కడో గాలి లాగుతోందని అర్థం, కప్లింగులు చూడాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది తేమ పీలుస్తుంది. నెలల తరబడి ట్యాంకులో వదిలేసిన పెట్రోలైతే దాంతో కుస్తీ పట్టకండి, తీసేసి కొత్తది పోయండి.

చోక్ సంగతి ఋతువుని బట్టి. డిసెంబరు పొద్దున్న కావాలి, మే నెల మధ్యాహ్నం అదే చోక్ లాగితే కార్బురేటర్ ఇంజన్ పెట్రోలుతో నిండిపోతుంది. ప్లగ్గు తడిగా ఉండి గుప్పున వాసన వస్తే చోక్ మూసేసి, కొన్ని నిమిషాలు ఆగి, థ్రాటిల్ తెరిచి కొట్టండి, అందుకోగానే తగ్గించండి. అయితే వాసన ఇంజన్ దగ్గర కాకుండా బోటు అడుగు నుంచి వస్తుంటే మాత్రం తాళం చెవి ముట్టుకోవద్దు. లీకు దొరికి, ఆవిరి పోయాకే ఏదైనా.

(టిక్కుమని ఆగిపోతే బ్యాటరీ. టెర్మినల్స్ గీకి బిగించండి, చాలాసార్లు అంతే.)

అందుకుంది, కానీ వెనక నీటి ధార లేదు

గట్టు మీద కుర్రాడు "అన్నా, ఎనక నీళ్లు పడతలేవు" అని అరిస్తే వాడితో వాదించకుండా వెంటనే ఆపండి. లోపల నీళ్లు తోసేది చిన్న రబ్బరు ఇంపెల్లర్, దానికి నీళ్లే తడి, నీళ్లే ఆయిల్. పొడిగా తిరిగితే నిమిషం లోపే మాడిపోవచ్చు.

మొదట ధార వచ్చే చిల్లులో సన్నటి నైలాన్ దారం పెట్టి కదపండి, ఒక్కోసారి అక్కడ కందిరీగ గూడు కట్టినా ధార రాదు. తర్వాత ఇంజన్ లేపి కింది జల్లెడ చూడండి, కవర్ అతుక్కుని ఉంటే లాగేయండి. రెండూ శుభ్రంగా ఉన్నా నీళ్లు రాకపోతే ఇంపెల్లరే. దాన్ని విప్పినప్పుడు రెక్కలు లెక్కపెట్టండి. ఒకటి తక్కువైతే ఆ ముక్క పైన నీటి దారిలో ఎక్కడో ఇరుక్కుని ఉంటుంది, అది తీయకుండా కొత్త ఇంపెల్లర్ వేస్తే వారానికే మళ్లీ వేడెక్కుతుంది. రాణిగంజ్ స్పేర్ పార్టుల షాపుల్లో అడిగేటప్పుడు "అదే సైజు" అనకుండా పాతది చేత్తో పట్టుకుపోండి. షెడ్డులో టెస్టు చేసేటప్పుడు జల్లెడకు మఫ్ (నల్లా పైపు తగిలించే రబ్బరు కప్పు) తగిలించి, నల్లా తిప్పాకే ఇంజన్ తిప్పాలి.

గేరు వేయగానే ఆగిపోతోంది

ఇంకా వేడెక్కలేదు. రెండు మూడు నిమిషాలు న్యూట్రల్‌లో నడవనివ్వండి, రేస్ చేయకండి, ఆయిల్ ఇంకా అన్ని చోట్లకూ చేరలేదు. అలాగని పావుగంట ఊరికే నిలబెట్టక్కర్లేదు. ముఖ్యంగా డీజిల్ ఊరికే ఐడిల్‌లో నడిస్తే లోపల మసి పడుతుంది, అయిదు నిమిషాల్లో నెమ్మదిగా కదిలితే దారిలోనే వేడెక్కుతుంది. చలి పొద్దున్న కాసేపు తెల్ల పొగ సహజం. వేడెక్కాక కూడా ఆగకపోతే ఇంజెక్టరో, లోపలికి నీళ్లు దిగడమో అయ్యుంటుంది. నీలి పొగైతే ఆయిల్ కాలుతోంది.

డీజిల్‌తో ఇంకో ప్రమాదం ఉంది. సైలెన్సర్‌లోకి నీళ్లు పోయే ఇంజన్ అందుకోకుండా సెల్ఫ్ అదేపనిగా కొడితే, పంపు తోసిన నీళ్లు బయటికి నెట్టే పొగ లేక సైలెన్సర్‌లో నిండి, వెనక్కి సిలిండర్‌లోకి వచ్చేస్తాయి. పది సెకన్లకు మించి ఒక్క బిగిన కొట్టొద్దు. మూడు నాలుగుసార్లకూ అందుకోకపోతే బయటి నీళ్ల వాల్వు మూసి కొట్టండి, అందుకున్న క్షణమే తెరవండి.

మధ్యలో ఇంజన్ వేడెక్కిందని బజర్ మోగింది

థ్రాటిల్ తగ్గించి న్యూట్రల్, వెంటనే ఆఫ్. గుర్రపుడెక్కే అయ్యుంటుంది. వేడిగా ఉన్న ఇంజన్ మీద నీళ్లు పోయకండి, దానంతట అది చల్లారనివ్వండి. ఫ్యాన్‌లో (నీళ్లలో తిరిగే ప్రొపెల్లర్) చెయ్యి పెట్టే ముందు తాళం చెవి, క్లిప్ రెండూ తీసి జేబులో వేసుకోండి. డెక్క కోసేశాక ఫ్యాన్ వెనక సన్నటి గాలం దారం చుట్టుకుని ఉందేమో చూడండి, అది ఆయిల్ సీలుని కోస్తుంది. కింది గేరు ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంటే సీలు పోయినట్టే, ఇక ఆ రోజుకి బోటు గట్టు మీదే.