గడువు పొడిగింపు లెక్కలో ఒకే రోజు రెండుసార్లు పడకుండా

నిర్మాణ కాంట్రాక్టులో పనికి వచ్చిన అడ్డంకులను తేదీలతో రాసిపెట్టే హిండ్రెన్స్ రిజిస్టర్‌లోని అడ్డంకుల రోజులను వరుసగా కూడి గడువు పొడిగింపు కోరితే, ఒకదానిపై ఒకటి పడిన రోజులు రెండుసార్లు లెక్కకు వచ్చి, ఫైలు కొర్రీతో తిరిగి వస్తుంది. ఎక్సెల్‌లో తేదీకి ఒక అడ్డువరుస, అడ్డంకికి ఒక నిలువువరుస పెట్టి, పని ఆగిన గడిలో 1 వేసి, ప్రతి అడ్డువరుస చివరి గడిలో, ఆ వరుసలోని పెద్ద అంకెను మాత్రమే చూపే మ్యాక్స్ ఫార్ములా ఇచ్చి, ఆ చివరి నిలువువరుసను మాత్రమే కూడాలి. డ్రాయింగు జూన్ 1 నుంచి 20 వరకు అందక, 11 నుంచి 25 వరకు వానలు పడితే, విడివిడిగా 20, 15 కలిపి 35 అయినా నికరంగా తేలేది 25 రోజులే. నష్టపరిహారం కూడా అడిగేటట్లయితే, పని అప్పగించిన శాఖ వల్ల జరిగిన ఆలస్యానికి, వానకు వేరువేరు రంగులు వేసుకోవడం మేలు. అయితే స్లాబు పని సాగుతుండగా ప్రహరీ మాత్రమే ఆగిన రోజులకూ 1 వేస్తే ఈ లెక్క నిలవదు. మొత్తం పని ముగింపును వెనక్కి నెట్టిన అడ్డంకులనే ఇందులో చేర్చాలి.