అమ్మ కళ్లు తిరగడానికి కారణం చెవిలో ఉంది

మంచం మీద పక్కకు ఒత్తిగిలితే చాలు, అమ్మకు గది గిర్రున తిరిగేది. అర నిమిషంలో తగ్గేది. రక్తహీనత అని ఒకరు, మెడ ఎముకల అరుగుదల అని మరొకరు అన్నారు. బీపీ, షుగర్, హిమోగ్లోబిన్ బాగానే ఉన్నాయి. చెవి, ముక్కు, గొంతు డాక్టరు మాత్రం ముందుగా, "ఏ కదలికతో మొదలవుతుంది? ఎంతసేపు ఉంటుంది?" అని అడిగారు. ఆ ప్రశ్నకే ఆయనకు దండం పెట్టాలనిపించింది. తల పక్కకు తిప్పి, చటుక్కున పడుకోబెట్టి కళ్లలోకి చూశారు. కనుగుడ్లు అదురుతున్నాయి. లోపలి చెవిలోని సన్నని కాల్షియం రేణువులు చోటు తప్పి, తల తిరగడాన్ని పసిగట్టే అర్ధవృత్తాకార నాళంలో చేరాయట. ఎప్లీ పద్ధతిలో తలను వరుసగా తిప్పి వాటిని వెనక్కి పంపారు. అమ్మకు తగ్గింది. మళ్లీ రావచ్చనీ చెప్పారు.

కళ్లు తిరగడంతో పాటు మాట తడబడినా, ఒకటి రెండుగా కనిపించినా, చెయ్యో కాలో పట్టు తప్పినా వెంటనే అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.