హరికేన్ పేరు వినబడక ముందే: అమెరికా గల్ఫ్ తీరంలోని మన కుటుంబాలకు జాగ్రత్తలు

జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా అట్లాంటిక్ హరికేన్ సీజన్. హ్యూస్టన్, న్యూ ఆర్లియన్స్, టాంపా వైపు ఉంటున్న తెలుగువాళ్లు ఈ పనులు ఇప్పుడే చూసుకోవాలి.

కత్రినా హరికేన్ నుంచి బతికి బయటపడ్డ మామూలు జనం డాక్యుమెంటరీల్లో చెప్పేవి వింటే, గాలి కంటే నీళ్ల గురించే ఎక్కువ చెబుతారు. 2005 ఆగస్టు 29న తీరం దాటేటప్పటికి అది కేటగిరీ 3కి తగ్గింది. అయినా కాలువల పక్కనున్న వరద గోడలు కూలి న్యూ ఆర్లియన్స్‌లో సుమారు 80 శాతం మునిగింది. కేటగిరీ అంకె గాలి వేగాన్ని మాత్రమే చెబుతుంది. అది చూసి ధీమాగా ఉండకండి.

న్యూ ఆర్లియన్స్‌ను తప్పనిసరిగా ఖాళీ చేయాలన్న ఉత్తర్వు వచ్చింది కత్రినా తీరం దాటే ముందురోజే. కారు లేనివాళ్లు, నెలాఖరులో చేతిలో డబ్బు ఆడనివాళ్లు, మంచం పట్టినవాళ్లు చాలామంది అక్కడే ఉండిపోయారు. వాళ్లది మొండితనం అనడం అన్యాయం. మనలోనూ కారు లేని విద్యార్థులు ఎంతోమంది. ఎవరి కారులో, ఏ ఊరికి, ఎవరింటికి వెళ్లాలో ఇప్పుడే మాట్లాడుకోండి. మీ ఇల్లు ఏ ఎవాక్యుయేషన్ జోన్‌లో (ఖాళీ చేయించే ప్రాంతంలో) ఉందో కౌంటీ వెబ్‌సైట్‌లో చూడండి.

ఇంకోటి, నాకు చాలా భయం వేసేది. మన ఊళ్లలో నీళ్లొస్తే డాబా ఎక్కుతాం. ఇక్కడి చెక్క ఇళ్లకు డాబా ఉండదు, ఏటవాలు కప్పు కింద మూసి ఉన్న అటక ఉంటుంది. కత్రినాలో అటక ఎక్కి, పైకి దారిలేక అందులోనే చనిపోయినవాళ్లున్నారు. నీళ్లు తరుముకొస్తే పైఅంతస్తుకు వెళ్లండి. మూసి ఉన్న అటకలోకి మాత్రం వద్దు. దారులన్నీ మూసుకుపోతే కప్పు మీదికే చేరాలి.

వేసవిలో అమ్మానాన్నలు వచ్చి ఉంటారు. బీపీ, షుగర్ మందులు ఇండియా నుంచి తెచ్చుకున్నవే, ఇక్కడ మళ్లీ ప్రిస్క్రిప్షన్ కావాలి. అందుకే ఆ మందులన్నీ ఒకే సంచిలో పెట్టండి. మందు పేరు, మోతాదు ఇంగ్లీషులో రాసి, మీ ఫోన్ నంబర్ కూడా చేర్చి వాళ్ల జేబులో ఉంచండి. మీరు ఆఫీసులో ఉండగా ఏదైనా అయితే ఆ కాగితమే వాళ్ల తరఫున మాట్లాడాలి. పాస్‌పోర్టులు, ఐ-797, ఐ-20 లాంటి ఇమిగ్రేషన్ కాగితాల ఒరిజినల్స్ నీళ్లు చొరని కవర్లో పెట్టుకోండి. "మేం చూడని తుఫానులా" అని నాన్నగారు కదలనంటే, వాదనకు టైమ్ ఉన్నప్పుడే వాదించండి.

సొంత ఇల్లున్నవాళ్లు: మామూలు ఇంటి ఇన్సూరెన్స్‌లో వరద నష్టం రాదు. ప్రభుత్వ వరద బీమా సాధారణంగా కొన్న 30 రోజులకు గానీ అమల్లోకి రాదు.

ఉండిపోవాల్సి వస్తే మనిషికి రోజుకు ఒక గ్యాలన్ చొప్పున నీళ్లు పట్టి ఉంచండి. 2024 జులైలో బెరిల్ హరికేన్ వచ్చినప్పుడు హ్యూస్టన్ ప్రాంతంలో 20 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. కరెంటు లేకపోతే రైస్‌కుక్కర్, ఇండక్షన్ పొయ్యి పనికిరావు. అటుకులు, మరమరాలు, పొడులు, పిల్లలకు బిస్కెట్లు ఉంచుకోండి. బొగ్గుల గ్రిల్ ఇంట్లో వెలిగించొద్దు. జనరేటర్ గరాజ్‌లో కూడా పెట్టకండి, తలుపు తీసి ఉన్నా సరే. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, కిటికీలకు ఎడంగా పెట్టండి.