ఫ్రిజ్ చల్లబడటం లేదా? గ్యాస్ మీద నింద వేసే ముందు ఇవి చూడండి

ఫ్రిజ్ చల్లబడకపోతే మొదట వినిపించే మాట "గ్యాస్ అయిపోయింది". వంటగ్యాస్ సిలిండర్‌లా అది వాడేకొద్దీ అయిపోయేది కాదు. సీలు వేసిన గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతుంటుంది, లీకైతేనే తగ్గుతుంది. అందుకే దాని సంగతి చివర్లో చూద్దాం.

ముందు కొలవండి. గ్లాసుడు నీళ్లలో థర్మామీటర్ వేసి రాత్రంతా మధ్య అరలో ఉంచండి (జ్వరం చూసేది పనికిరాదు). పొద్దున 4 డిగ్రీలు గానీ, అంతకంటే కాస్త తక్కువ గానీ ఉంటే ఫ్రిజ్ బాగున్నట్టే. డబుల్ డోర్ ఫ్రిజ్ అయితే ఫ్రీజర్‌లో మైనస్ 18 ఉండాలి.

పైన ఐస్ గడుతోంది, కింద మాత్రం ఇడ్లీ పిండి తెల్లారేసరికి పొంగి గిన్నె దాటుతోంది

డబుల్ డోర్ ఫ్రిజ్‌లలో తరచూ వచ్చే తంటా ఇది. ఫ్రీజర్‌లో ఐస్ పుట్టిందంటే గ్యాస్ తిరుగుతోందనే అర్థం, చల్లగాలే కిందికి దిగడం లేదు.

నాబ్‌తో మొదలుపెట్టండి. చాలా మోడళ్లలో ఫ్రీజర్ నాబ్ చేసే పనల్లా గాలిని పైకీ కిందికీ పంచడమే. కింద చల్లగా లేదని దాన్ని గరిష్ఠానికి తిప్పితే కిందికొచ్చే కాస్త గాలీ ఆగిపోతుంది. మధ్యలో పెట్టి ఒక రోజు చూడండి.

తర్వాత ఫ్యాన్. తలుపు తీస్తే అది ఆగిపోయేలా ఉంటుంది కాబట్టి, ఫ్రీజర్ తలుపు తీసి డోర్ స్విచ్‌ని వేలితో నొక్కి పట్టుకుని వినండి. కంప్రెసర్ (ఫ్రిజ్ వెనక కింద ఉండి గ్యాస్‌ని తిప్పేది) నడుస్తున్నా ఫ్యాన్ చప్పుడు లేకపోతే ఫ్యాన్ మోటారు పోయి ఉండొచ్చు, లేదా రెక్కలకు ఐస్ అడ్డుపడి ఉండొచ్చు.

ఫ్రీజర్ వెనక ప్యానెల్ మీద తెల్లగా మంచు పేరుకుందా? దాని వెనకున్న, గాలిని చల్లబరిచే కాయిల్ ఐసుతో మూసుకుపోయినట్టు. ఆ ఐసును ఎప్పటికప్పుడు కరిగించాల్సిన డీఫ్రాస్ట్ హీటరో, దాని సెన్సరో, టైమరో పనిచేయడం లేదు. సామాన్లన్నీ తీసి, ప్లగ్ పీకి, తలుపులు బార్లా తెరిచి 24 గంటలు వదిలేయండి. కింద పాతబట్టలు పరచడం మరిచిపోవద్దు. మళ్లీ ఆన్ చేశాక కొన్నాళ్లు బాగా నడిచి మొదటికొస్తే లోపం డీఫ్రాస్ట్‌లోనే. మెకానిక్‌కి ఈ ముక్క ముందే చెప్పండి, గ్యాస్ ఊసెత్తడు.

పైనా కిందా రెండూ చల్లగా లేవు

కంప్రెసర్ దగ్గర చెవి పెట్టండి. కాసేపు గుర్రుమని, "టక్"మని ఆగి, కొన్ని నిమిషాలకు మళ్లీ అదే వరసా? లో వోల్టేజీ అయినా కావాలి, రిలే అయినా పోయుండాలి. రిలే అంటే కంప్రెసర్‌ని స్టార్ట్ చేసే చిన్న భాగం, మార్చేస్తే సరి. కంప్రెసరే పట్టేసినా ఇలాగే ఉంటుంది, కాబట్టి మీటరు పెట్టి చూడకుండా ఏదీ మార్చనివ్వకండి.

కంప్రెసర్ ఆగకుండా నడుస్తూనే ఉంటే తలుపు రబ్బరు చూడండి. పది రూపాయల నోటు పెట్టి తలుపు మూసి లాగితే జారిపోయే చోట వేడిగాలి దూరుతోంది. సబ్బునీళ్లతో తుడిచినా బిగుసుకోకపోతే రబ్బరు మార్చాల్సిందే. వెనక జాలీ ఉన్న ఫ్రిజ్ అయితే దుమ్ము దులిపి, గోడకి కాస్త దూరం జరపండి. జాలీ లేనివాటిలో ఫ్రిజ్ పక్క భాగాలు వేడెక్కడం మామూలే, కంగారు పడక్కర్లేదు.

ఎండాకాలం లెక్క వేరు. లోపలి స్టిక్కర్ మీద క్లైమేట్ క్లాస్ ‘టీ’ అని ఉంటే 43 డిగ్రీల గది వేడి వరకే దాన్ని తయారుచేసినట్టు. మే నెలలో రేకుల కప్పు కింద ఆ హద్దు దాటిపోతుంది.

ఇవన్నీ బాగుండి, సింగిల్ డోర్ ఫ్రీజర్‌లో ఒక మూలే ఐస్ పట్టి మిగతాదంతా పొడిగా ఉంటే, అప్పుడు గ్యాస్‌ని అనుమానించాలి. లీక్ ఎక్కడో చూపించమనండి, ఫిల్టర్ మార్చి, వాక్యూమ్ చేశాకే నింపమనండి. లీక్ మూయకుండా నింపితే డబ్బులు దండగ. ఇప్పటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా వాడే ఆర్600ఏ మండే గ్యాస్, సొంత ప్రయోగాలు వద్దు.

కింద కొత్తిమీర గడ్డకడుతోంది

గాలి వచ్చే రంధ్రానికి ఆనించి పెట్టి ఉంటారు, జరపండి. అరలన్నిటిలోనూ గడ్డకడుతుంటే నాబ్ తగ్గించండి. అయినా మారకపోతే చల్లదనాన్ని అదుపుచేసే థర్మోస్టాట్ పోయి ఉండొచ్చు.

సింగిల్ డోర్ ఫ్రీజర్‌లో ఐస్ కొండలా పేరుకుంది

డీఫ్రాస్ట్ బటన్ నొక్కి కరగనివ్వండి. చాకుతో మాత్రం పొడవొద్దు. ఫ్రీజర్ గోడల పల్చటి రేకులోనే గ్యాస్ గొట్టాలున్నాయి. చిల్లు పడిందో, ఈసారి గ్యాస్ నిజంగానే పోతుంది.