చిన్ననాటి పోలియోతో నడివయసులోకి: మిగిలిన బలాన్ని కాపాడుకోవడం ఎలా?

మన దేశంలో సహజ పోలియో వైరస్ చివరి కేసు 2011 జనవరి 13 నాటిది. వ్యాధి పోయింది గానీ, ఏడాది రెండేళ్ల వయసులో ఒక జ్వరంతో రెండు కాళ్లూ చచ్చుబడినవారు ఇప్పుడు నలభై, యాభై, అరవై ఏళ్లకు చేరారు. ఇన్నాళ్లూ కాలిపర్లతోనో (కాలికి ఊతంగా బిగించే పట్టీలు) చంక కర్రలతోనో నడిచినవారిలో కొందరికి ఈ వయసులో కొత్తగా నీరసం, కండరాల నొప్పి, మంచిగా ఉన్న చేతుల్లో సైతం బలహీనత మొదలవుతాయి. దీనినే పోస్ట్ పోలియో సిండ్రోమ్ అంటారు.

పోలియో వెన్నుపాములోని నాడీకణాలను చంపినప్పుడు, బతికిన కణాలు కొత్త కొమ్మలు వేసి, దిక్కులేని కండర పోగులను కూడా తామే నడిపించడం మొదలుపెట్టాయి. జోడెద్దుల కాడిని ఒంటెద్దు మోసినట్టు దశాబ్దాలపాటు మోసిన ఆ కణాల కొమ్మలు ఇప్పుడు ఒక్కొక్కటిగా రాలిపోతున్నాయని నిపుణుల అభిప్రాయం. దీన్ని నిర్ధారించే పరీక్ష ఏదీ ప్రత్యేకంగా లేదు కనుక థైరాయిడ్, రక్తహీనత, బి12 లోపం వంటివి లేవని ముందుగా తేల్చుకోవాలి.

ఆ తర్వాత రెండు వారాలపాటు ఏ పని చేశాక ఎంతసేపు అలసట ఉందో కాగితం మీద రాసుకోండి. మరునాటికీ తగ్గని నొప్పి గానీ నీరసం గానీ ఉంటే, ఆ పని మీ శక్తికి మించినదని అర్థం. అలసిపోయాక కాదు, అలసట రాకముందే పావుగంట నడుం వాల్చాలి. కూరలు తరగడం, స్నానం, బట్టలు మడవడం కూర్చునే చేసుకోవచ్చు. కండరాలు వణికేదాకా వ్యాయామం చేయిస్తే బలం వస్తుందని చెప్పేవారి మాట వినకండి. పోలియో గురించి తెలిసిన ఫిజియోథెరపిస్టు సలహాతో, నీటిలో చేసేలాంటి తేలికపాటి వ్యాయామమే మేలు.

అన్నిటికంటే ముఖ్యం భుజాలు. కాళ్లు చేయాల్సిన పని ఇన్నేళ్లూ అవే చేశాయి. భుజం అరిగితే మంచం మీది నుంచి కుర్చీలోకి, కుర్చీ నుంచి కమోడ్ మీదికి మారడమే ఆగిపోతుంది. కాబట్టి ఇంట్లో నాలుగడుగులకు కాలిపర్లు, బయటి దూరాలకు బ్యాటరీ చక్రాల కుర్చీ లేదా పక్క చక్రాలు బిగించిన స్కూటర్ అని పని పంచుకోవడం మంచిది. ఇక్కడే చాలామంది మనసు మొరాయిస్తుంది. “ఎవరి సాయమూ లేకుండా నడుస్తాడు” అన్న మెప్పు కోసం చిన్నప్పటి నుంచి పడిన శ్రమ అంతా వృథా అయినట్టు అనిపిస్తుంది. నా దృష్టిలో ఆ మెప్పు ఇచ్చినవారెవరూ మన భుజం నొప్పిని పంచుకోరు. ఇంటి గుమ్మం అడుగు ఎత్తు ఉంటే దానికి పన్నెండు అడుగుల వాలు కట్టించాలి. అంతకంటే నిటారుగా కడితే కుర్చీ తోసుకోవడానికి మళ్లీ భుజాలే బలి.

పాత సదరం ధ్రువపత్రంలోని వైకల్య శాతం ఇప్పటి స్థితిని చూపకపోవచ్చు. బలహీనత పెరిగితే వైద్య పత్రాలతో తిరిగి పరీక్షకు దరఖాస్తు చేసుకోండి.

ఉదయం తలనొప్పితో లేవడం, రాత్రి ఊపిరాడక మెలకువ రావడం ఉంటే, ముఖ్యంగా వెన్ను వంకర ఉన్నవారు, ఊపిరితిత్తుల వైద్యుణ్ణి కలవాలి. ఏ శస్త్రచికిత్సకైనా ముందు మత్తు వైద్యుడికి చిన్నప్పటి పోలియో సంగతి తప్పక చెప్పాలి. కండరాలను సడలించే మందులు, మత్తుమందులు ఇలాంటివారి మీద మామూలు కంటే ఎక్కువగా, ఎక్కువసేపు పనిచేయవచ్చు. మనం స్పృహలో లేని వేళకు అక్కరకొచ్చేలా, ఈ సంగతి రాసిన కాగితం ఒకటి పర్సులో ఆధార్ కార్డు పక్కనే ఉంచుకోండి.