ఆన్‌లైన్ మెట్రోనోమ్‌తో కర్ణాటక సంగీత సాధన చేసే విధానం

గాత్రమైనా, వీణ అయినా, వయొలిన్ అయినా, ఇంట్లో ఒంటరిగా సాధన చేసే విద్యార్థికి శ్రుతిని చూసుకోవడానికి శ్రుతిపెట్టె ఉంటుంది కానీ, లయను చూసుకోవడానికి గురువు ఎదురుగా ఉండరు. ఆ లోటును చాలావరకు తీర్చగలిగినది, మనం పెట్టిన వేగంలో సమానంగా దెబ్బలు వినిపించే మెట్రోనోమ్. 1815లో జర్మన్ ఆవిష్కర్త మేల్జెల్ పేటెంటు పొందిన లోలకపు యంత్రం చేసిన పనినే నేడు ఫోనులోనో కంప్యూటరులోనో ఉచితంగా చేయించుకోవచ్చు. గూగుల్‌లో మెట్రోనోమ్ అని వెతికితే ఫలితాలకంటే పైన అదే ప్రత్యక్షమవుతుంది. దీని వాడకంపై దొరికే సూచనలు ఎక్కువగా గిటారు, పియానో నేర్చుకునేవారి కోసం రాసినవి కాబట్టి, మన తాళపద్ధతికి దాన్ని ఎలా అమర్చుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను. సాధనలో దీని ప్రయోజనం ఒక్కటే: ఎత్తుకున్న కాలప్రమాణం, అంటే పాట వేగం, చివరిదాకా నిలుస్తున్నదా లేదా అని పరీక్షించుకోవడం. తాళం వేసే బాధ్యతను దానికి అప్పగించకూడదు.

మెట్రోనోమ్‌లో కనిపించే అంకె నిమిషానికి పడే దెబ్బల సంఖ్య. 60 అని పెడితే సెకనుకు ఒక దెబ్బ పడుతుంది. ఒక దెబ్బను ఒక అక్షరంగా (తాళంలో ఒక లెక్కగా) తీసుకుంటే, 8 అక్షరాల ఆది తాళం ఒక ఆవర్తనం (ఒక పూర్తి చుట్టు) సరిగ్గా 8 సెకన్లలో పూర్తవుతుంది. కొన్ని మెట్రోనోమ్‌లలో ఎన్ని దెబ్బలకు ఒకసారి గట్టి దెబ్బ పడాలో నిర్ణయించే వీలు ఉంటుంది. ఆది తాళానికి 8 అని, తిశ్రజాతి త్రిపుటకు 7 అని, ఖండజాతి అటతాళానికి 14 అని పెడితే సమం (ఆవర్తనం మొదలయ్యే చోటు) వద్ద మాత్రమే గట్టిగా వినిపిస్తుంది. ఏ దెబ్బను గట్టిగా మోగించాలో మనమే ఎంచుకునే వీలుంటే ఆది తాళంలో 1, 5, 7 దెబ్బలను ఎంచుకోండి. అవి తాళంలోని భాగాలైన లఘువు (4 అక్షరాలు), రెండు ద్రుతాలు (ఒక్కొక్కటి 2 అక్షరాలు) మొదలయ్యే చోట్లు. ఈ సౌకర్యాలేవీ లేకపోయినా నష్టం లేదు. దెబ్బలన్నీ ఒకే రకంగా వినిపించినప్పుడు ఆవర్తనంలో ఎక్కడున్నామో చేయే చెప్పాలి, అది ఇంకా మంచి శిక్షణ.

మొదలుపెట్టేటప్పుడు వెంటనే పాడకండి. 60 దగ్గర మెట్రోనోమ్‌ను నడిపించి, ఒకటి రెండు ఆవర్తనాలు కేవలం చేత్తో తాళం వేయండి. దెబ్బ, చిటికెనవేలు, ఉంగరపువేలు, నడిమివేలు, ఆపైన ద్రుతానికి దెబ్బ, అరచేయి తిప్పి వేసే విసర్జితం, మళ్ళీ అదే ద్రుతం. శ్రద్ధగా గమనిస్తే వేళ్ళ లెక్కలో మనం కొంచెం ముందుకు పోవడమూ, విసర్జితం వద్ద కొంచెం ఆలస్యం కావడమూ తెలుస్తుంది. చేయి చేసే ఈ పొరపాటు సరిదిద్దుకోకుండా పాట మొదలుపెడితే, తర్వాత తప్పు గొంతుదో చేతిదో తేల్చుకోలేం.

ఇక తొలి స్వర పాఠాలైన సరళీ వరుసల్లో మొదటిదే తీసుకుందాం. మాయామాళవగౌళ రాగంలో ఆరోహణ, అవరోహణలు కలిపి 16 స్వరాలు. ప్రథమ కాలంలో దెబ్బకు ఒక స్వరం చొప్పున ఇవి రెండు ఆవర్తనాలు పడతాయి. ద్వితీయ కాలంలో దెబ్బకు రెండు స్వరాలు కాబట్టి ఒక ఆవర్తనంలో ముగుస్తాయి, రెండుసార్లు పాడాలి. తృతీయ కాలంలో సరిగమ ఒక దెబ్బకు, పదనిస తర్వాతి దెబ్బకు, సనిదప మూడోదానికి, మగరిస నాలుగోదానికి వస్తాయి. అంటే నాలుగుసార్లు పాడితే అవే రెండు ఆవర్తనాలు నిండుతాయి. మూడు కాలాలూ కలిపి 48 దెబ్బలు. ఈ 48 దెబ్బల్లో మెట్రోనోమ్ అంకెను ఒక్కసారి కూడా మార్చకూడదు. కాలం మారినప్పుడు మారేది దెబ్బకు పట్టే స్వరాల సంఖ్య మాత్రమే, తాళం వేగం మారదు. పాఠంలో ఎన్నిసార్లు విన్నా స్థిరపడని ఈ విషయం మెట్రోనోమ్‌తో ఒక్క పూటలో చేతికి అందుతుంది.

అసలు పరీక్ష కాలాలు మారే సంధిలో ఉంటుంది. ప్రథమం నుంచి ద్వితీయానికి వెళ్ళేటప్పుడు చాలామంది తొందరపడతారు, ద్వితీయం నుంచి తృతీయానికి వెళ్ళేటప్పుడు ఊపిరి తీసుకోవడంలో సమాన్ని జారవిడుస్తారు. అందుకని వరుస మొత్తం పదేపదే పాడడంకంటే, ద్వితీయ కాలపు చివరి నాలుగు దెబ్బలు, తృతీయ కాలపు మొదటి నాలుగు దెబ్బలు మాత్రమే తీసుకుని, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో నిర్ణయించుకుని సాధన చేయండి. తృతీయ కాలంలో స్వరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతుంటే అంకెను 50కి తగ్గించండి. స్పష్టంగా పలికిన తర్వాతే నాలుగైదు అంకెల చొప్పున పెంచండి. ప్రతి స్వరాన్నీ రెండేసిసార్లు పలికే జంట వరుసల్లో రెండో స్వరానికి ఇచ్చే ఒత్తిడి మాయమైందంటే, వేగం అవసరానికి మించి పెరిగిందని గుర్తించాలి.

ఒక్కో దెబ్బను ఎన్ని భాగాలు చేస్తామో మార్చే గతిభేదానికి మెట్రోనోమ్‌ను మించిన తోడు లేదు. అంకె కదపకుండా ఒక ఆవర్తనం దెబ్బకు తకధిమి, తర్వాతి ఆవర్తనం దెబ్బకు తకిట అని పలకండి. తకిట అనే తిశ్రంలో మూడు అక్షరాలూ సమానంగా పడాలి. మనకు తెలియకుండానే తకి పొట్టిగా, ట పొడుగ్గా పడి, నాలుగు భాగాల చతురశ్రమే వేరే రూపంలో వస్తుంటుంది. దెబ్బను మూడు భాగాలు చేసి వినిపించే సౌకర్యం ఉంటే కొద్దిసేపు దాన్ని వాడి, చెవికి పట్టగానే తీసేయండి. తకతకిటతో ఖండగతినీ, తకిటతకధిమితో మిశ్రగతినీ ఇదే విధంగా సాధించవచ్చు.

ప్రాథమిక పాఠాల తర్వాత నేర్చుకునే వర్ణం దాకా వచ్చినవారు దెబ్బలను తగ్గించుకుంటూ పోవాలి. 80 వద్ద బాగా కుదిరిన ఆది తాళ వర్ణాన్ని 40 వద్ద పెట్టి, వినిపించే ప్రతి దెబ్బనూ రెండు అక్షరాలకు ఒకటిగా లెక్కించి పాడండి. మధ్యలో వినిపించని అక్షరాన్ని మన చేయే నిలబెట్టాలి. అదీ కుదిరాక, మెట్రోనోమ్ దెబ్బ చేతి దెబ్బ మీద కాకుండా రెండు చేతి దెబ్బలకు సరిగ్గా మధ్యన పడేటట్లు తాళం వేస్తూ పాడండి. సమం దాటి అర అక్షరం తర్వాత ఎత్తుకునే పల్లవులు దొర్లిపోకుండా నిలవాలంటే ఈ సాధన చాలా అవసరం. నా దృష్టిలో మెట్రోనోమ్ విలువంతా ఇక్కడే ఉంది.

పరికరం విషయంలో కొన్ని జాగ్రత్తలు చెప్పాలి. బ్రౌజరులో వేరే ట్యాబుకు వెళ్ళినా, ఫోను తెర ఆగిపోయినా కొన్ని మెట్రోనోమ్‌లు తడబడతాయి, ఎందుకంటే కనిపించని పేజీల పనిని బ్రౌజరు నెమ్మదింపజేస్తుంది. కాబట్టి సాధన చేసినంతసేపూ ఆ పేజీని తెర మీదే ఉంచండి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో శబ్దం కొంత ఆలస్యంగా చేరుతుంది కనుక తెర మీది మెరుపును చూస్తూ తాళం వేయకండి, చెవినే నమ్మండి. పాటను రికార్డు చేసుకోదలిస్తే దెబ్బను స్పీకరులో వినిపించి, మీ గొంతుతో పాటు అదీ రికార్డయ్యేలా చూడండి. పాడుతున్నప్పుడు తెలియని పరుగు తిరిగి విన్నప్పుడు బయటపడుతుంది.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి వీడియో కాల్‌లో పాఠం చెప్పించుకునే తెలుగు పిల్లలు ఎందరో ఉన్నారు. అక్కడ గురువుగారి వైపు మెట్రోనోమ్ పెడితే ఆ దెబ్బ విద్యార్థికి ఆలస్యంగా చేరుతుంది, విద్యార్థి పాట మరింత ఆలస్యంగా గురువుగారికి చేరుతుంది, ఇద్దరికీ పొంతన కుదరదు. మెట్రోనోమ్ విద్యార్థి గదిలోనే మోగాలి; అప్పుడు దెబ్బ, పాట కలిసే ప్రయాణిస్తాయి. వీడియో సాఫ్ట్‌వేరు ఆ దెబ్బను అనవసరపు చప్పుడనుకుని తుడిచేయవచ్చు కాబట్టి, నేపథ్య శబ్దాలను తగ్గించే అమరికను పాఠం ముందే ఆపేయండి.

తాళం లేని ఆలాపనకు దీన్ని పెట్టకూడదని వేరే చెప్పనక్కరలేదు. కీర్తనను కూడా కాలప్రమాణం సరిచూసుకున్నంత వరకే మెట్రోనోమ్‌తో పాడి, ఆపైన అది ఆపేసి, చేతి తాళంతో మొదటి నుంచి పాడాలి. చరణం ముగిసి పల్లవికి వచ్చిన చోట మెట్రోనోమ్‌ను తిరిగి నడిపించి, మొదట పెట్టుకున్న అంకెకూ ఇప్పటి మీ చేతికీ ఎంత తేడా వచ్చిందో చూసుకోండి. మరునాటి సాధన ఆ తేడా వచ్చిన చోటి నుంచే మొదలుపెట్టండి.