పందెం వేసే ముందు పాట్ లెక్కించండి

నో-లిమిట్ పోకర్‌లో (పందేనికి పరిమితి లేని పేకాట) చాలాకాలం నేను చేతిలో ముక్కల బలాన్ని బట్టే పందెం వేశాను. మంచి జత వస్తే పెద్దది, అనుమానముంటే చిన్నది. ఎదుటివాళ్లు నన్ను తెరిచిన పుస్తకంలా చదివేశారు. ఇప్పుడు ముందుగా పాట్‌నూ (మధ్యలో పోగైన పందేల మొత్తం), బల్లమీది ముక్కలనూ చూస్తాను.

పాట్‌లో 100 ఉందనుకోండి. ఫ్లాప్‌లో (బల్లమీద మొదట తెరిచే మూడు ముక్కల్లో) రెండు ఆటీన్లు పడ్డాయి, మీకు సెట్ (ఒకే విలువ గల మూడు ముక్కలు) కుదిరింది. 25 మాత్రమే వేస్తే, చేతిలో రెండు ఆటీన్లతో ఫ్లష్ (ఒకే గుర్తు ముక్కలు ఐదు) కోసం చూసేవాడు, తన 25 కూడా కలిపితే అయ్యే 150లో 25 పెడుతున్నాడు, అంటే అతనికి సుమారు 17 శాతం అవకాశం ఉంటే చాలు. తర్వాతి ముక్కలో అతనికి ఆటీను పడే అవకాశం 19 శాతం. అతనికి గిట్టుబాటు ధర మీరే ఇచ్చారు! 67 వేస్తే అతనికి 28 శాతానికి పైగా కావాలి. అందుకే ఇక్కడ చేయి బిగపట్టకండి.

ఫ్లాప్‌లో రాజు, 7, 2 వేర్వేరు గుర్తుల్లో పడితే, తర్వాతి ముక్కతో ఫ్లష్ కుదిరే భయం లేదు; ముందునుంచీ దూకుడు మీదైతే, పాట్‌లో మూడోవంతు చాలు.

మొత్తం చిప్స్ లోపలికి పంపాలంటే ఫ్లాప్‌లోనే పథకం వేయండి. పాట్ 100, మీ దగ్గర 400 ఉంటే, ఎదుటివాడు ప్రతిసారీ కాల్ చేస్తే (అంతే పందెం పెడితే), 54, 112, 234 చొప్పున మూడు దఫాల్లో సరిగ్గా అయిపోతాయి. ప్రతిసారీ పాట్‌లో సగానికి కాస్త ఎక్కువ, అంతే.

రివర్‌లో (బల్లమీద చివరి ముక్క పడ్డాక) బ్లఫ్‌కు (బలం లేకుండా వేసే పందేనికి) సగం పాట్ వేస్తే, నష్టం రాకుండా ఉండాలంటే ఎదుటివాడు మూడింట ఒకసారి ఫోల్డ్ చేయాలి (ముక్కలు వదిలేయాలి), పూర్తి పాట్ వేస్తే రెండింట ఒకసారి. ఏ పందానికైనా కాల్ చేసేవాడిమీద మాత్రం బ్లఫ్ వేయకండి. ఇది నేను ఖరీదు చెల్లించి నేర్చుకున్నాను.